తొలిచూపు కాగితం

మంజుశ్రీ మీద సౌభాగ్యకి ఉన్నది కుళ్ళు కాదు. ఆ మాట ఆమె తనకు తానే రోజుకి పదిసార్లు చెప్పుకునేది. పొద్దున స్కూటీ తీసేటప్పుడు ఒకసారి, ఆఫీసు మెట్లెక్కేటప్పుడు ఒకసారి, మంజుశ్రీ వీడియో కింద గుండె బొమ్మలు ఎన్నున్నాయో చూసేటప్పుడు మిగతా ఎనిమిదిసార్లు. అన్నిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటే అదేమిటో మీకూ నాకూ తెలుసు. ఆమె లెక్కలో మాత్రం అది న్యాయం గురించిన బాధ.

బళ్ళారిలో ‘హగరి వార్త’ అని ఒక పాత కన్నడ పత్రిక ఉంది. దాన్ని కళ్ళద్దాలవాళ్ళు తప్ప ఎవరూ చదవడంలేదని యజమానులకి కాస్త ఆలస్యంగా తెలిసొచ్చింది. తెలిశాక పై అంతస్తుకి సున్నం కొట్టించి, రంగురంగుల కుర్చీలు తెప్పించి, అక్కడి బొరుగుల టిఫిన్ ‘ఉగ్గాని’ పేరుతో డిజిటల్ విభాగం తెరిచారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ మాట్లాడే పడుచువాళ్ళ కోసం అది. అందుకే మూడు భాషలకీ మూడు పేజీలు. తెలుగు పేజీలో మూడేళ్ళుగా కనబడే ముఖం సౌభాగ్యది. చేరిన రోజు నుంచీ కాంట్రాక్టు మీదే ఉంది. ఈ ఏడు తెలుగు పేజీకి ఒకరిని పర్మనెంటు యాంకరుగా తీసుకుంటామన్నారు, ఒక్కరినే. ఆర్నెల్ల కిందటైతే ఆ ఒక్కరు ఎవరనే ప్రశ్నే లేదు. ఆ తర్వాతే హచ్చొళ్ళి అనే పల్లె నుంచి మంజుశ్రీ దిగింది.

సౌభాగ్య తన తెలుగుని ఊరికే సంపాదించుకోలేదు. హైదరాబాదు చానళ్ళ వార్తలు చూసి, అద్దం ముందు నిలబడి, నోరు తిరిగేదాకా పలికి నేర్చుకుంది. ఇంటి మాటని ఒక్కొక్క ముక్కగా వదిలించుకుంది. మంజుశ్రీ ఏమీ నేర్చుకోలేదు, ఏమీ వదిలించుకోలేదు. నాట్లేసే అమ్మానాన్నల దగ్గర ఎట్లా మాట్లాడేదో కెమెరా ముందూ అట్లాగే మాట్లాడింది. దాని మొదటి వీడియో, వరి నాటేటప్పుడు ఫోను ఎక్కడ దాచుకోవాలి అని. బురదలో వంగిన ఆడపిల్లలు ఒక్కొక్కరే తల ఎత్తి చెప్పారు. టిఫిన్ డబ్బాలో అన్నం మీద పెట్టుకునేది ఒకతి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొప్పులో ముడేసుకునేది ఇంకొకతి. మూడు రోజుల్లో సిరుగుప్ప నుంచి గుంతకల్లు దాకా అందరి ఫోన్లలోనూ అదే. సౌభాగ్య మూడేళ్ళలో చేసినవన్నీ కలిపినా అంతమంది చూడలేదు. ఆ రోజు ఆమె కడుపులో మంటగా ఉందని మజ్జిగ తాగింది. తగ్గలేదు.

ఉగ్గానికి పెద్ద చిదానంద. కన్నడం మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏ వీడియో అయినా జనంలోకి వదిలే ముందు, ఆఫీసుతో సంబంధం లేని మనిషికి ఒకరికి చూపించాలి. చూసి వాళ్ళు ఏమన్నారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి పొయ్యి మీది పాలు చూడ్డానికి పోయారో, అన్నీ ఒక కాగితం మీద రాసివ్వాలి. వాళ్ళ మాట వాళ్ళ నోటితోనే ఉండాలి, దిద్దకూడదు. దాన్ని తొలిచూపు కాగితం అనేవాళ్ళు. లక్షల లెక్కలన్నీ కంప్యూటర్ చెబుతుంది, మనిషి సంగతి కాగితమే చెప్పాలి అని చిదానంద నమ్మకం. వీడియో చూడకముందే ఆయన కాగితం చదివేవాడు.

సౌభాగ్య తొలిచూపు మనిషి ఆమె తల్లి శరణమ్మ. గాంధీనగర్‌లో ఒక పెద్ద ఇంటి వెనక రెండు గదుల్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉంటారు. శరణమ్మ జీన్సు కార్ఖానాలో పని చేస్తుంది. కుట్టడం అయిపోయిన ప్యాంట్లకి వేలాడే దారాలు కత్తిరించే పని. కూతురి వీడియో ఏది చూపించినా ఆమె ఒక్కటే మాట అనేది, బాగుండాది అని. కాస్త ఆగి, చీర గూడ బాగుండాది అనేది. సౌభాగ్య కాగితం మీద ‘బాగుంది’ అని దిద్ది రాసేది. మూడేళ్ళ కాగితాలూ అంతే.

మంజుశ్రీది హాస్టలు బతుకు. బళ్ళారిలో తనవాళ్ళంటూ ఎవరూ లేరు. నీ వీడియోలు సౌభాగ్య వాళ్ళమ్మకి చూపించుకో అని, ఆ నాట్ల వీడియో ఇంకా జనంలోకి వదలకముందే, చిదానంద ఒకరోజు తేలిగ్గా అనేశాడు. మగవాళ్ళు ఇట్లాంటివి ఎంత తేలిగ్గా అంటారో చెప్పలేం.

మొదటిరోజు మంజుశ్రీ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే శరణమ్మని పెద్దమ్మా అని పిలిచింది. అప్పుడే సౌభాగ్యకి ఒళ్ళు మండింది. నాట్ల వీడియో నడుస్తుంటే శరణమ్మ ఫోనుకి ఎదురు మాట్లాడటం మొదలుపెట్టింది. అట్ల గాదే, తల్లో పెట్టుకుంటే వంగినప్పుడు జారిపోదా అని అందులోని పిల్లని తిట్టింది. మా కాలంలో వక్కాకు సంచి దాచుకోను ఇంత కష్టపడలేదప్ప అని తొడ చరుచుకుని నవ్వింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది. మంజుశ్రీ నేల మీద బాసింపట్టు వేసుకుని, పెద్దమ్మ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాసుకుంది. కాగితం ఒకవైపు నిండిపోయి రెండోవైపు తిప్పింది.

సౌభాగ్య వంటింటి గడప దగ్గర నిలబడి అంతా చూసింది. తర్వాత లక్షల మంది ఆ పిల్లని చూశారంటే, అది ఒక రకంగా ఓర్చుకోవచ్చు. లక్షల మంది ఎవరో ఏమిటో. కన్నతల్లి తన మూడేళ్ళ కష్టానికి రెండు మాటలు విదిల్చి, నిన్నగాక మొన్న వచ్చినదానికి రెండు వైపులా కాగితం నింపిందే, అది ఎట్లా ఓర్చుకోవడం? ఆ రోజు టీలో చక్కెర వేయడం మరిచిపోయింది. మంజుశ్రీ ఏమీ అనకుండా తాగింది. అందుకు కూడా కోపమొచ్చింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. సౌభాగ్య ఉద్యోగంలో చేరి చేసిన మొట్టమొదటి వీడియో జీన్సు కార్ఖానాల మీదే. కూతురు అడగడమే చాలని శరణమ్మ పది నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నీలం రంగు గోళ్ళల్లోంచి పోదని, పప్పన్నం కలుపుకుంటే అదీ నీలమైనట్టే కనబడుతుందని, కత్తెర పట్టీ పట్టీ చిటికెనవేలు పొద్దున్నే తెరుచుకోదని. సౌభాగ్య కూర్చుని విని, ఈ మోటు మాట పదిమందీ వింటే తన పరువేం కాను అనుకుంది. తల్లి గొంతు తీసేసి, ఆ పెదాల మీద తన గొంతు పెట్టింది. ‘దుస్తులకు మిగిలిన దారాలను తొలగించడం నా విధి. ఈ వృత్తి పట్ల నాకు ఎంతో సంతృప్తి ఉంది’ అని. శరణమ్మ అది చూసి, నా నోట్లో నీ మాటేందే అని ఊరికే నవ్వేసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఫోను పైకెత్తినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సౌభాగ్య అది సిగ్గనుకుంది.

నెలాఖరుకి చిదానంద ఇద్దరినీ పిలిచి, చెరొక మూడు నిమిషాల వీడియో చేసుకురమ్మన్నాడు. మీకు బాగా తెలిసిన మనిషి గురించి చేయండి, వీడియో, కాగితం రెండూ చూసి తేలుస్తాను అన్నాడు. మంజుశ్రీ పక్క ఊరి నుంచి తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయే వాళ్ళ మామ గురించి చేస్తానంది. ఇరవై ఏళ్ళుగా ఒకే సీట్లో కూర్చుంటున్నాడట ఆయన. సౌభాగ్య ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చింది. ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. మంజుశ్రీని గెలిపిస్తున్నది ఆ మోటు మాటే కదా. ఆ మాట తన ఇంట్లోనే పుట్టి పెరిగింది. మంజుశ్రీ ఆటని మంజుశ్రీ కంటే బాగా ఆడి చూపిస్తే సరి.

వారం రోజులు తలుపు వెనక నిలబడి, తల్లి పక్కింటివాళ్ళతో మాట్లాడే మాటల్ని ఫోనులో దాచుకుంది. తల్లి పాత చీర కట్టింది. బుగ్గన వక్కాకు దోపుకుంది. చేతికి నీలం రంగు పూసుకుని, కత్తెర పట్టుకుని, నడుం మీద చెయ్యేసి, మాటని ఎంత సాగదీయాలో అంతకంటే కొంచెం ఎక్కువే సాగదీసి, దారాలు కత్తిరించే ఆడమనిషి వేషం కట్టింది. కెమెరా పట్టిన హుసేనప్ప నవ్వాపుకోలేక రెండుసార్లు కెమెరా కదిల్చాడు. ఆఫీసులో పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. మంజుశ్రీ కూడా చూసింది. అది నవ్వలేదు. కుళ్ళుకుంటోందని సౌభాగ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆర్నెల్లలో మొదటిసారి ఆ పూట అన్నం సహించింది.

ఆదివారం మధ్యాహ్నం తల్లిని కూర్చోబెట్టి వీడియో పెట్టింది. శరణమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని చూసింది. మధ్యలో ఒక్కమాట లేదు. ఫోనుని తిట్టలేదు, తొడ చరచలేదు. అయిపోయాక ఫోను నేల మీద పెట్టి, తన చేతి గోళ్ళవైపు చూసుకుంది.

“ఈమె నేనా?” అని అడిగింది.

సౌభాగ్య నవ్వు తెచ్చుకుని, ఊరికే తమాషాకి చేశాను అంది.

“నేను నీకు ఇట్ల కనిపిస్తానేమే?” అంది శరణమ్మ. జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళి బియ్యం ఏరుకోసాగింది. బాగుండాది అనలేదు. చీర కూడా బాగుండాది అనలేదు, ఆ చీర ఆమెదే అయినా.

సౌభాగ్య ముందర కాగితం ఉంది. చూసినవారి మాట అని రాసున్నచోట కలం ఆగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఉద్యోగం మంజుశ్రీ చేతిలో పెట్టి దండం పెట్టినట్టే. తల్లి ఏదో అలిగింది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది, అలకలన్నీ కాగితం మీద రాసుకుంటూ పోతే పనులవుతాయా అనుకుంది. ‘రెండుసార్లు చూసింది. పడీ పడీ నవ్వింది. అచ్చం నా మాదిరే ఉండాది అనింది’ అని రాసింది. ఈసారి మాత్రం ‘ఉండాది’ని దిద్దకుండా ఉంచింది.

మంజుశ్రీ వీడియోకీ తొలిచూపు శరణమ్మదే. బస్సు సీటు కథ ఆమెకి నచ్చింది, కానీ ఆఖర్న సాగదీసినావు పాపా, ఆడ నాకు నిద్రొచ్చె అంది. మంజుశ్రీ ఆ మాటనీ పూసగుచ్చినట్టు రాసి ఇచ్చింది. చిదానంద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకదాంట్లో నిద్ర, ఒకదాంట్లో పడీ పడీ నవ్వు. తెలుగు పేజీ సౌభాగ్యదని చెప్పాడు. మంజుశ్రీ వచ్చి, మంచిదాయక్కా అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా, మామూలుగా ఉంది. అందులో కుళ్ళు ఎక్కడా దొరక్కపోయేసరికి సౌభాగ్య గెలుపు సగం చప్పబడింది.

మిగతా సగాన్ని చిదానంద చప్పగా చేసేశాడు. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు ఒక వీడియో కావాలన్నాడు. వేషం కట్టిన కూతురూ, అది చూసి పడీ పడీ నవ్విన తల్లీ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవాలి. పర్మనెంటు యాంకరుగా ఆమె తొలి వీడియో అదే కావాలి.  అమ్మకి కెమెరా అంటే బెదురని సౌభాగ్య చెప్పి చూసింది. అంత నవ్విన మనిషికి బెదురేంటి అన్నాడాయన.

ఇంట్లో భయం భయంగా అడిగితే శరణమ్మ వెంటనే ఒప్పుకుంది. సరే వస్తాలే అంది, అంతే. అంత సులువుగా ఒప్పుకోవడం సౌభాగ్యకి నచ్చలేదు. కానీ అవసరం తనది, నోరు మూసుకుంది.

బుధవారం పొద్దున శరణమ్మ కార్ఖానాకి సెలవు పెట్టి, పెట్టెలోంచి పట్టు అంచు చీర తీసి కట్టుకుని వచ్చింది. గోళ్ళు కనబడకుండా చేతులు కొంగులో ముడుచుకుంది. రంగు కుర్చీలో కూర్చోబెట్టారు. మంజుశ్రీ వంగి ఆమె కొంగుకి మైకు తగిలించింది. చిదానంద ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

“ఆ వీడియో చూసి శానా నగినారంటగదమ్మా. కాగితంలో చదివితిని. అందుకే మిమ్మల్ని పిలిపిస్తిమి.”

శరణమ్మ కూతురివైపు చూసింది.  ఒక్కమాట చాలు, సౌభాగ్య ఉద్యోగం, పరువు రెండూ అక్కడికక్కడే పోతాయి.

“అవునప్పా,” అంది శరణమ్మ. “నగితిని.”

హుసేనప్ప కెమెరా మొదలుపెట్టాడు. సౌభాగ్య గొంతు సవరించుకుని, వారం రోజులు నేర్చుకున్న ఇంటి మాటలో, నవ్వుతూ అడిగింది, దినామూ కార్ఖానాలో ఏం పని చేస్తావు మా అని.

శరణమ్మ నడుం నిటారుగా పెట్టుకుని కెమెరాలోకి చూసింది. “నమస్కారం అండి,” అంది. “దుస్తులకు మిగిలిన దారాలను తొలగించడం నా విధి. ఈ వృత్తి పట్ల నాకు ఎంతో సంతృప్తి ఉంది.”

ఎక్కడా తడబడలేదు. మూడేళ్ళ కిందట కూతురు తన పెదాల మీద అతికించిన మాటలవి. ఎన్నిసార్లు పెట్టుకుని చూసిందో, ఎప్పుడు కంఠతా పట్టిందో సౌభాగ్యకి తెలియదు. ఆఖర్లో గొంతు ఎక్కడ దించాలో అది కూడా కూతురు దించినట్టే దించింది.

కుర్చీల చుట్టూ ఉన్న పిల్లలు మొహాలు చూసుకున్నారు. కెమెరా ఆపమని చిదానంద సైగ చేశాడు. సౌభాగ్య తల్లి దగ్గరికి వంగి, మామూలుగా మాట్లాడమంది, ఇంట్లో మాట్లాడినట్టు.

“మామూలుగా మాట్లాడితే తీసేస్తివి గదే,” అంది శరణమ్మ. అందులో నిష్ఠూరం లేదు. నీకు పనికొచ్చేదే చెబుతున్నాను కదా అన్నట్టు చెప్పింది.

ఇంకో రెండుసార్లు తీశారు. రెండుసార్లూ నమస్కారం అండి, రెండుసార్లూ సంతృప్తి. మైకు జారితే సరిచేయడానికి మంజుశ్రీ వచ్చింది. దాన్ని చూడగానే శరణమ్మ వీపు కుర్చీకి ఆనింది. ఈ పిన్ను గీరుకుంటాండాది పాపా, పక్కకి జరుపు అంది. నీ చేతులు చల్లగుండాయే, పొద్దున ఏమన్నా తింటివా లేదా అంది. కొంగులోంచి చెయ్యి బయటికొచ్చి, నీలం గోళ్ళతోనే మంజుశ్రీ చెంప తుడిచింది. సౌభాగ్య లోపల భగ్గుమంది. ఆ చెయ్యి తనది. ఆ మాట తనది. తను తీసి పారేస్తే ఆ పిల్ల ఏరుకుంది. ఎంత కుళ్ళుకున్నా, పారేసింది తనే అన్న సంగతి మారదు.

ఆమె లేచి నిలబడింది. మంజుశ్రీని తన కుర్చీలో కూర్చోమంది. మంజుశ్రీ బెదురుగా చూస్తే, కూర్చోవే అని భుజం పట్టి కూర్చోబెట్టింది. అంత ప్రేమగా ఏమీ కాదు, కొంచెం గట్టిగానే నొక్కింది. తను పోయి కెమెరా వెనక స్టూలు మీద కూర్చుని, ఒక తొలిచూపు కాగితం ఒళ్ళో పెట్టుకుంది.

శరణమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గోళ్ళ సంగతి, పప్పన్నం సంగతి, తెరుచుకోని చిటికెనవేలు సంగతి. మూడేళ్ళ కిందట తీసేసిందంతా మళ్ళీ వచ్చింది. కుర్చీల చుట్టూ పిల్లలు నవ్వారు, ఒకసారి నవ్వు ఆపారు. సౌభాగ్య రాస్తూ పోయింది. మంజుశ్రీకి తోచక కాబోలు, సౌభాగ్యక్క ఇంట్లో ఎట్ల మాట్లాడతాది పెద్దమ్మా అని అడిగింది.

“ఏమో పాపా,” అంది శరణమ్మ. “అది నాతో మాట్లాడి శానా దినాలాయ. ఫోన్లో అయితే దినామూ చూస్తాను.”

 సౌభాగ్య ఆ రెండు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు రాసింది. చిత్రీకరణ అయ్యాక ఫైల్లోంచి తన పాత కాగితం తీసింది. పడీ పడీ నవ్వింది అన్నదాన్ని కొట్టేసి, ‘ఈమె నేనా అనింది. నేను నీకు ఇట్ల కనిపిస్తానేమే అనింది’ అని రాసి, రెండు కాగితాలూ చిదానంద బల్ల మీద పెట్టింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఆమె ఆగలేదు. తెలుగు పేజీ ఇప్పుడు ఎవరిదంటాడో ఆమెకి తెలుసు.

మెట్ల మీద శరణమ్మ రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగుతోంది. సౌభాగ్య రెండు మెట్లు వెనక.

“ఆదివారం మంజుశ్రీని అన్నానికి రమ్మంటిని,” అంది శరణమ్మ. కాస్త ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. “దాని మీద నీకేమన్నా కుళ్ళుండాదేమే?”

“ఉండాది మా,” అంది సౌభాగ్య. “శానా ఉండాది.”

శరణమ్మ మెట్టు మీదే ఆగిపోయి కూతురివైపు తిరిగింది. పడీ పడీ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.